చక్కెర అణువు నడక
(ప్రసంగ పాఠము)

చక్కెర అనగానే నోరూరును. ఆ మాటనే వైద్యుడు పలికినప్పుడు గుండె ఝల్లుమనును. మూసారాంబాగు మొదలుకొని దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వరకు సాగు రాజమార్గమున రక్తపరీక్షాశాలల పేరుపలకలు పెక్కు కానవచ్చును. తెల్లవారగనే పరగడుపున వచ్చి రక్తమిచ్చి పోవువారిలో అనేకులు సాయంకాలము ఒక కాగితమును చేత పట్టుకొని ఇంటికి పోవుదురు. దానిపై ‘హెచ్.బి.ఏ.1సి.’ అను అక్షరములును, వాని ప్రక్కన ఒక అంకెయును ఉండును. గడచిన రెండు మూడు నెలలలో రక్తమందలి చక్కెర సగటున ఎట్లుండెనో ఆ అంకె తెలుపునని వైద్యులందురు. పరీక్షకు రెండు దినములు ముందుగా తీపి మానివేసినను ఆ అంకె కరుణింపదు. నిన్న రాత్రి పెండ్లి విందులో ఒక లడ్డు అధికముగా తినినను అది కోపగింపదు. మరి రక్తము ఇన్నాళ్ళ లెక్కను ఎక్కడ వ్రాసికొనుచున్నది? ఆ వ్రాతను మొట్టమొదట చదివిన వారెవరు? ఎట్లు చదివిరి?

ఈ ప్రశ్నలకు సమాధానము చక్కెర అణువు కట్టడిలో ఉన్నది. ఆ కట్టడి ఎట్టిదో తెలిసినగాని, విద్యుత్తు ప్రవహించు ఒక మెత్తని పలకలో అణువులు ఎట్లు విడిపోవునో తెలియదు. ఆ పద్ధతినే ‘జెల్ ఎలెక్ట్రోఫొరెసిస్’ అందురు. పేరు పొడవైనదే గాని, విషయము మన ఇంటి గంజికి, వంటింటి చైనాగ్రాసుకు దగ్గర చుట్టము. శ్రోతలు కొంచెము ఓపిక పట్టినచో అది ఎట్లో విన్నవింతును.

విద్యుత్తునకు ధనము, ఋణము అను రెండు ధ్రువములు కలవని అందరెరిగినదే. నీటిలో కరగిన అణువు ఏదేని ఆవేశమును మోయుచున్నచో, అది తనకు విరుద్ధమైన ధ్రువము వైపు కదలును. ఆవేశము లేని అణువు కదలక నిలిచిపోవును. ఈ సూత్రమును ఆధారముగ చేసికొని స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్నె టిసేలియస్ 1937లో ఒక పరికరమును నిర్మించి, రక్తరసములోని ప్రోటీనులను వేరుపరచెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. కాని ఆయన పరికరమున అణువులు ద్రవములోనే నడచెడివి. ద్రవములో నడచునవి మరల కలసిపోవుట సులభము. వానికి ఒక దారి, ఆ దారిలో కొంత అడ్డంకి కావలసియుండెను.

ఆ అడ్డంకిని సమకూర్చినది గంజి. 1955లో కెనడాలోని టొరాంటో నగరమున ఆలివర్ స్మితీస్ అను శాస్త్రజ్ఞుడు పిండిపదార్థమును నీటితో ఉడికించి, చల్లార్చి, పలకగా పోసి, అందులో రక్తరసమును నడిపించెను. ఈ ఉపాయము ఆయనకు ఎట్లు తోచినదో ఆయనయే చెప్పియున్నాడు. చిన్నతనములో తల్లి చొక్కాలకు గంజి పెట్టుచుండగా చూచెనట; చల్లారిన గంజి ముద్దగా పేరుకొనుట జ్ఞాపకమునకు వచ్చెనట. అంతకు మునుపు నాలుగైదు భాగములుగా మాత్రమే కనబడిన రక్తరసము ఈ గంజి పలకలో ఎన్నియో పట్టీలుగా విడిపోయినది. ఇదే స్మితీస్‌కు 2007లో మరియొక పరిశోధనకై నోబెల్ బహుమానము లభించినది.

పేరుకొనిన గంజి పైకి గట్టిగా కనబడినను లోపల సన్నని వల వంటిది. ఆ వల కన్నుల గుండా అణువులు దూరి పోవలెను. సాయంకాలపు వేళ దిల్‌సుఖ్‌నగర్ బజారులో జనసమ్మర్దమును ఊహించుకొనుడు. చిన్న పిల్లవాడు సందుల గుండా జారిపోవును. తలపై మూట గలవాడు వెనుకబడును. చేతులు చాచుకొని నడచువాడు, చేతులు ముడుచుకొని నడచువానికంటె ఆలస్యముగ చేరును. ఇక ఎవరికి గమ్యము చేరవలెనను తొందర ఎక్కువో వారు ఎక్కువ త్రోసికొని పోవుదురు. జెల్‌లో అణువుల సంగతియు ఇట్టిదే. ఆ తొందర వంటిది ఆవేశము; మూట వంటిది పరిమాణము; చేతుల చాపు వంటిది ఆకారము. ఈ మూడింటిని బట్టి ఒక్కొక్క అణువు ఒక్కొక్క చోటికి చేరును.

ఇప్పుడు చక్కెరను ఈ బజారులోనికి దింపుదము. వెంటనే ఒక చిక్కు వచ్చును. రక్తములోని చక్కెరయగు గ్లూకోజునకు ఆవేశమే లేదు. విద్యుత్తు ఎంత గట్టిగా పిలిచినను అది పలుకదు. రెండవ చిక్కు అంతకంటె పెద్దది. గ్లూకోజు అణువులో 6 కర్బన పరమాణువులు, 12 ఉదజని పరమాణువులు, 6 ఆమ్లజని పరమాణువులు ఉన్నవి. పాలలోని చక్కెరలో పాలుపంచుకొను గాలక్టోజులోను సరిగా ఇన్నియే ఉన్నవి. మానోజు అను మరియొక చక్కెరలోను ఇన్నియే. మూడింటి బరువును ఒకటియే. తూచి వేరుచేయుట కుదరదు. ఆవేశము లేదు గనుక విద్యుత్తుతో నడిపించుటయు కుదరదు. మరి వానిలో భేదమెక్కడ?

భేదము అమరికలో ఉన్నది. గ్లూకోజు అణువు సాధారణముగ ఆరు మూలల ఉంగరము వలె ముడుచుకొని యుండును. ఆ ఉంగరములోని కర్బనములకు ఆమ్లజని, ఉదజని కలసిన జంటలు తగిలియుండును. కొన్ని జంటలు ఉంగరమునకు పైవైపునకు, కొన్ని క్రిందివైపునకు తిరిగియుండును. గ్లూకోజులో నాల్గవ కర్బనముపై నున్న జంటను పైనుండి క్రిందికో, క్రిందినుండి పైకో త్రిప్పినచో అది గాలక్టోజగును. రెండవ కర్బనముపై నున్న జంటను త్రిప్పినచో మానోజగును. అనగా ఒక్క జంట ముఖము త్రిప్పుకొనినంతనే చక్కెర పేరే మారిపోవుచున్నది. మన శరీరమును ఈ భేదమును చక్కగా గుర్తించును. గాలక్టోజును వినియోగించుకొను శక్తి పుట్టుకతోనే లోపించిన శిశువులకు తల్లిపాలే ప్రమాదకరములగును.

ఇక శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయములను చూతము. మొదటిది, చక్కెరకు ఆవేశమును అరువిచ్చుట. క్యారమ్ బల్లపై చల్లు బోరిక్ పొడి అందరకును తెలిసినదే. ఆ జాతి లవణమైన బోరేటును క్షారద్రవములో కలిపినచో, అది ఋణావేశమును మోయుచు తిరుగును. చక్కెరలో ప్రక్కప్రక్కన నున్న రెండు జంటలు ఒకే వైపునకు తిరిగియుండి, తగినంత దగ్గరగా నున్నచో, బోరేటు ఆ రెండింటిని ఒకేసారి పట్టుకొనును. అప్పుడు చక్కెరయు బోరేటుతోపాటు ధనధ్రువము వైపు నడచును. ఎంత గట్టిగా పట్టు చిక్కినచో అంత వేగముగ నడచును. పట్టు చిక్కుట జంటల అమరికను బట్టియు, ఆ పట్టునకు అనువుగ ఉంగరము తన రూపును మార్చుకొనగల నేర్పును బట్టియు ఉండును.

1950వ దశకములో ఈ పరీక్షలను తడిసిన కాగితపు పట్టీలపై విస్తారముగా జరిపిరి. గ్లూకోజు నడచిన దూరమును 100 అనుకొన్నచో, అదే కాలములో గాలక్టోజు సుమారు 93, మానోజు సుమారు 72 నడచును. బరువు ఒకటియే, పరమాణువుల లెక్క ఒకటియే, అయినను నడకలో ఇంత తేడా. మనము కాఫీలో వేసికొను చక్కెర, అనగా సుక్రోజు, సుమారు 18 మాత్రమే నడచును. ఇందులకు కారణము దాని పరిమాణము మాత్రమే కాదు. గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలు ఒకదాని తల ఒకటి పట్టుకొని ముడిపడినచో సుక్రోజు ఏర్పడును. ఆ ముడిలో బోరేటునకు చిక్కవలసిన మంచి పట్లు మూసికొనిపోవును.

ఇంతకంటె సూక్ష్మమైన ఉదాహరణము మరియొకటి కలదు. రెండు గ్లూకోజు అణువులను జతచేయుటకు రెండు విధములు కలవు. ఒక విధమున జతచేసినచో మాల్టోజు. ఇది అన్నములోని పిండిపదార్థమునకు కొలతబద్ద వంటిది. మరియొక విధమున జతచేసినచో సెలొబయోజు. ఇది ప్రత్తి నూలుకు కొలతబద్ద. రెండింటిలోను గ్లూకోజులే, జత కూడిన స్థానములును ఒకటియే. ముడి వంగిన దిక్కు మాత్రము వేరు. బోరేటు బాటలో మాల్టోజు సుమారు 32, సెలొబయోజు సుమారు 23 నడచును. ఈ వంపే మనము అన్నము తిని అరిగించుకొనుటకును, ధోవతిని తిని అరిగించుకొనలేకపోవుటకును కారణము. విద్యుత్తు చూచిన భేదమునే మన ప్రేగులును చూచుచున్నవి.

రెండవ ఉపాయము, చక్కెరకు రంగు తోక తగిలించుట. ఇందులకు చక్కెర ఉంగరము మరియొక గుణమును చూపవలెను. గ్లూకోజు ఉంగరము సదా మూసికొనియే యుండదు. అప్పుడప్పుడు విడిపోయి గొలుసు వలె సాగి, మరల మూసికొనును. ఏ క్షణమున చూచినను విడియున్నవి పదివేల అణువులలో ఒకటియైన ఉండవు. కాని ఆ విడిన క్షణమున కొసనున్న కర్బనము ఇతర అణువులతో, ముఖ్యముగ నత్రజని గల అణువులతో, చేయి కలుపుటకు సిద్ధముగ నుండును. 1990లో పీటర్ జాక్సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ కొసకు వెలుగునిచ్చు ఒక రంగు పదార్థమును తగిలించు పద్ధతిని ప్రకటించెను. ఆ రంగు పదార్థము మూడు ఋణావేశములను మోయును. అది తగిలిన చక్కెర దట్టమైన జెల్‌లో చురుకుగ నడచును. అతినీలలోహిత కాంతి పడినచో వెలుగును. పిండిపదార్థమును ముక్కలు చేసి, ఆ ముక్కలకు ఇట్లు తోకలు తగిలించి నడిపించినచో, పలకపై నిచ్చెన మెట్లు కనబడును. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క గ్లూకోజు అధికముగా గల ముక్క. అన్నిటికిని ఆవేశము మూడే గనుక, చిన్నది ముందు, పెద్దది వెనుక. ఇక్కడ పరిమాణము రాజ్యమేలుచున్నది.

ఈ రంగు తోక మన చక్కెర డబ్బాలోని సుక్రోజునకు మాత్రము తగులదు. అందులో రెండు చక్కెరల విడిపోదగిన కొసలును ఒకదానితోనొకటి ముడిపడియున్నవి గదా. ఇక చేయి చాపుటకు కొస ఏది? పాలలోని చక్కెరకు ఒక కొస స్వేచ్ఛగ నున్నది గనుక దానికి తోక తగులును. ఈ ‘విడిపోవు కొస’ను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మనము మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము దీనియందే యున్నది.

మూడవది ఉపాయము కాదు, ప్రకృతి తానే చేసిన ఏర్పాటు. కొన్ని చక్కెరలకు పుట్టుకతోనే ఆమ్లగుణము, అందుచేత ఋణావేశము ఉండును. వానిలో సయాలిక్ ఆమ్లము ముఖ్యమైనది. మన రక్తములోని అనేక ప్రోటీనుల మేనిపై చక్కెర కొమ్మలుండును. ఆ కొమ్మల చివరల ఈ సయాలిక్ ఆమ్లము పూత పూసినట్లుండును. ఎర్రకణములను పుట్టించు ఎరిథ్రొపొయటిన్ అను హార్మోను ఇట్టిదే. మూత్రపిండములు చెడినవారికి ఇది ప్రాణాధారమగు ఔషధము. కాని కొందరు క్రీడాకారులు దొంగతనముగ దీనిని వాడి, ఓపిక పెంచుకొనజూచిరి. మనిషి మూత్రపిండము తయారుచేసిన దానికిని, చిట్టెలుక జాతికి చెందిన హ్యామ్‌స్టర్ కణములలో కర్మాగారము తయారుచేసిన దానికిని ప్రోటీను ఒకటియే. మరి పట్టుకొనుట ఎట్లు? చక్కెర కొమ్మలలో తేడా యున్నది. 2000వ సంవత్సరమున ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఆమ్లత్వము క్రమక్రమముగ మారు జెల్‌లో మూత్రమందలి ఈ హార్మోనును నడిపించి, సహజమైనది ఒక చోటను, కర్మాగారమునది మరియొక చోటను నిలుచుటను చూపిరి. ఆ యేటి సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఈ పరీక్షను రక్తపరీక్షతో జతపరచి వాడిరి. పతకమును నిలుపుటయో తీసివేయుటయో చక్కెర కొమ్మ చివరి ఆమ్లముపై ఆధారపడినది.

ఇప్పుడు మన రక్తపరీక్ష కాగితమునకు వత్తము. ఎర్రకణములలోని హిమోగ్లోబిన్ నాలుగు గొలుసుల కట్ట. వానిలో బీటా అనబడు గొలుసులు రెండు. ఒక్కొక్క బీటా గొలుసు మొదట నత్రజని గల కొస యొకటి బయటికి చాచుకొనియుండును. రక్తములోని గ్లూకోజు ఎప్పుడో ఒక క్షణమున ఉంగరము విడి, తన కొసను చాపును. రెండు కొసలు ఎదురుపడినచో చేతులు కలియును. మొదట ఆ బంధము విడిపోదగినదిగనే యుండును. పిదప పరమాణువులు కొంచెము సర్దుకొని, విడివడని బంధముగ మారును. ఏ జీర్ణరసమును, ఏ ఎంజైమును దీనిని చేయించుట లేదు. కేవలము చక్కెర ఎంత యున్నది, ఎంతకాలమున్నది అను రెండింటిని బట్టియే ఇది జరుగును. ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. ఆ జీవితకాలములో అంటుకొనిన చక్కెర అంటుకొనియే యుండును. రక్తము లెక్క వ్రాసికొను పుస్తకమిదియే.

ఈ పుస్తకమును చదువుటకు జెల్ తోడ్పడినది. చక్కెర అంటుకొనిన కొసలో ధనావేశము తగ్గును. కనుక చక్కెర అంటిన హిమోగ్లోబిన్ నడక అంటని దాని నడకకంటె కొంచెము మారును. హిమోగ్లోబిన్‌లో ఇట్టి చిన్న భాగములున్నవని 1950వ దశకము చివరనే తెలిసియుండెను. వాని అర్థము తెలియలేదు. ఇరాను దేశపు తెహరాను విశ్వవిద్యాలయములో శామ్యూల్ రహబర్ అను వైద్య శాస్త్రజ్ఞుడు అసాధారణ హిమోగ్లోబినులకై అనేకుల రక్తమును జెల్‌పై పరీక్షించుచు, మధుమేహ రోగుల రక్తములో ఒక పట్టీ విశేషముగ కనబడుటను గమనించెను. ఈ సంగతిని 1968లో ప్రకటించెను. తొలుత దీనిని వైద్యలోకము అంతగా పట్టించుకొనలేదు. తరువాతి దశకములో ఆ పట్టీకిని రక్తమందలి చక్కెర సగటునకును గల సంబంధము రుజువైనది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మధుమేహమును నిర్ణయించుటకు ఈ కొలతను అంగీకరించుచున్నది. నూటికి 6.5 గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహమని లెక్క. ఇది 2011 నాటి నిర్ణయము.

ఇందులో మరియొక విచిత్రమున్నది. ఒకే బరువు గల ఆరు కర్బనముల చక్కెరలలో గ్లూకోజు ఉంగరము మిక్కిలి స్థిరమైనది; అది అన్నిటికంటె తక్కువగా విడును. కనుక ప్రోటీనులను అంటుకొనుటలోను అది మిక్కిలి నెమ్మదియైనది. గాలక్టోజు, మానోజు ఇంతకంటె వేగముగ అంటుకొనును. 1981లో ఫ్రాంక్లిన్ బన్, పాల్ హిగ్గిన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ సంగతిని కొలిచి చూపి, ప్రాణికోటి గ్లూకోజునే ముఖ్యమైన ఇంధనముగ ఎన్నుకొనుటకు బహుశః ఇది కారణమై యుండునని ఊహించిరి. అంటుకొనుటలో సోమరియైన చక్కెరను ప్రకృతి మన రక్తములో ప్రవహింపజేసినది. అయినను అది ఎక్కువై ఎక్కువకాలము నిలిచినచో, ఆ సోమరియు తన పని తాను చేయును. హిమోగ్లోబిన్‌కు అంటుకొనునట్లే కంటిలోను, మూత్రపిండములోను, రక్తనాళముల గోడలలోను గల ప్రోటీనులకును అంటుకొనును. మధుమేహము ఏండ్ల తరబడి కలిగించు హానిలో దీనికి భాగము కలదు.

భారతదేశములో 2021 నాటికి సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహ రోగులుందురని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తెలిపినది. పెద్దవారిలో నూటికి 11.4 మంది అన్నమాట. కనుక ఈ పరీక్ష ఎవరో ఒకరికి సంబంధించినది కాదు; ఇంచుమించు ప్రతి ఇంటి గడపను తాకునది. అందుచేతనే దాని బలముతోపాటు బలహీనతయు తెలిసికొనవలెను. బలహీనత సయితము ఇప్పుడు చెప్పిన విషయములనుండియే పుట్టుచున్నది.

మొదటిది, ఈ లెక్క ఎర్రకణము ఆయుర్దాయముపై ఆధారపడినది. కణములు త్వరగా నశించు వ్యాధులలో చక్కెర అంటుటకు వ్యవధి చాలదు. అంకె తక్కువగ వచ్చి, లేని ధైర్యమునిచ్చును. ఇనుము లోపించిన రక్తహీనతలో అంకె ఉండవలసిన దానికంటె కొంత ఎక్కువగ వచ్చుట కలదు. మన స్త్రీలలో రక్తహీనత ఎంత ఎక్కువో చెప్పనక్కరలేదు. ఇటీవల రక్తమెక్కించుకొనినవారి విషయములో ఆ అంకె ఇద్దరి రక్తము కలసిన లెక్క.

రెండవది, హిమోగ్లోబినే వేరైనప్పుడు. కొడవలికణ వ్యాధిలో బీటా గొలుసు ఆరవ స్థానమున ఋణావేశము గల భాగము పోయి, ఆవేశము లేనిది వచ్చి కూర్చుండును. 1949లో లైనస్ పౌలింగ్ బృందము ఎలెక్ట్రోఫొరెసిస్ పద్ధతిచేతనే ఈ తేడాను పట్టినది. తెలంగాణములో పూర్వపు ఆదిలాబాదు, ఖమ్మము జిల్లాల గిరిజన కుటుంబములలో ఈ లక్షణము కలదు. తల్లినుండియు తండ్రినుండియు దీనిని పొందినవారిలో సాధారణ హిమోగ్లోబిన్ ఉండదు. కనుక దానికి చక్కెర అంటిన కొలతకును అర్థముండదు. ఒకరినుండి మాత్రమే పొందినవారిలో పరీక్షాశాల వాడు పద్ధతిని బట్టి అంకె సరిగానో తప్పుగానో రావచ్చును. 2023 జులై 1వ తేదీన ప్రారంభమైన జాతీయ కొడవలికణ రక్తహీనత నిర్మూలన కార్యక్రమములో మన రెండు తెలుగు రాష్ట్రములును ఉన్నవి. అందులో పరీక్ష చేయించుకొని తమ స్థితిని తెలిసికొనినవారు మధుమేహ పరీక్షకు పోయినప్పుడు ఆ సంగతిని వైద్యునికి చెప్పుట మేలు. అట్టివారికి రక్తములోని గ్లూకోజును నేరుగా కొలుచుట మొదలైన ఇతర మార్గములున్నవి.

చక్కెర నడచుట మాత్రమే కాదు, ఇతర అణువులు నడచు దారియు చక్కెరయే. స్మితీస్ వాడిన గంజి గ్లూకోజు గొలుసులే గదా. నేడు పరిశోధనాలయములలో విస్తారముగ వాడు అగరోజు అను పదార్థము సముద్రపు నాచునుండి వచ్చును. మన వంటింట పాలతో పేర్చు చైనాగ్రాసునకు ఇది సోదరి. గాలక్టోజును, దానినుండి ఒక నీటి అణువు తొలగిన మరియొక చక్కెరయు ఒకదాని తరువాత ఒకటిగా కూర్చిన గొలుసు ఇది. నాచులో దీనితోపాటు గంధకామ్లము అంటిన మరియొక భాగము ఉండును. దానికి ఆవేశముండుటచేత జెల్‌లోని నీరే కదలి, పట్టీలు చెదరును. 1961లో స్వీడనులో టిసేలియస్ శిష్యుడు స్టెల్లన్ యెర్టెన్ ఆవేశము గల భాగమును తొలగించి, శుద్ధమైన అగరోజును ఉపయోగములోనికి తెచ్చెను. బాట తాను కదలక నిలిచినప్పుడే గదా బాటసారి నడకను కొలువగలము.

ఈ బాటలో నడచు ప్రఖ్యాత బాటసారి డి.ఎన్.ఏ. దాని వెన్నెముకలోను చక్కెరయే యున్నది. దాని పేరు డీఆక్సిరైబోజు. చక్కెరకు చక్కెరకు నడుమ ఋణావేశము గల ఫాస్ఫేటు ఉండును. పొడవు పెరిగిన కొలదియు ఆవేశమును పెరుగును గనుక, ద్రవములో పొడవైనదియు పొట్టిదియు ఇంచుమించు సమముగనే నడచును. జెల్ వల మాత్రమే వానిని పొడవు ప్రకారము విడదీయగలదు. దీని సోదరియగు ఆర్.ఎన్.ఏ.లో చక్కెర రైబోజు. భేదము రెండవ కర్బనముపై ఒక ఆమ్లజని పరమాణువు మాత్రమే. ఆర్.ఎన్.ఏ. సాధారణముగ ఒంటి పోగుగ నుండి తనపై తాను మడతలు పడును. మడతలు పడినది తన పొడవునకు తగినట్లు నడువదు. కనుక దానిని యూరియా వంటి పదార్థములతో సాపు చేసి నడిపింతురు. ఆ ఒక్క ఆమ్లజనియే క్షారద్రవములో ఆర్.ఎన్.ఏ.ను తునుకలు చేయును, డి.ఎన్.ఏ. చెక్కుచెదరదు.

ఈ విద్య మన నగరమునకు కొత్తది కాదు. మూసారాంబాగునకు కొద్ది కిలోమీటర్ల ఉత్తరమున, హబ్సిగూడలో, 1977లో స్థాపితమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. అక్కడ లాల్జీ సింగ్ బృందము 1988 ప్రాంతమున డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల విధానమును మన దేశమునకు సొంతముగ రూపొందించినది. డి.ఎన్.ఏ.ను ముక్కలుగ కోసి, అగరోజు పలకలో నడిపించి, పట్టీల వరుసను చదువుటయే ఆ విధానమునకు పునాది. కేరళలోని తలశ్శేరిలో ఒక బిడ్డకు తండ్రి ఎవరను వివాదమున ఈ పరీక్ష సాక్ష్యముగ నిలిచినది. 1991లో ఆ రాష్ట్రపు హైకోర్టు దానిని సమర్థించినది. ఒక తల్లి మాటకు నాచునుండి తీసిన చక్కెర పలక సాక్షి పలికినది. ఆ విద్యకే ప్రత్యేకించిన డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రము నేడు ఉప్పలులో పనిచేయుచున్నది.

రక్తపరీక్షాశాలలలో నేడు హెచ్.బి.ఏ.1సి. పరీక్షకు జెల్ పలకలను వాడుట అరుదు. సన్నని స్తంభముల గుండా ద్రవమును పంపు యంత్రములును, వెంట్రుక వంటి గాజునాళములలో విద్యుత్తుతో నడిపించు యంత్రములును వచ్చినవి. కాని వానిలో పెక్కింటికి ఆధారము పాత సూత్రమే. చక్కెర అంటిన కొస ఆవేశము మారును. ఆవేశము మారినది వేరు దారి పట్టును.

కావున ఈసారి ఆ కాగితము చేతికి వచ్చినప్పుడు, దానిపై నున్న అంకెను వైద్యుని తీర్పుగ గాక, ఒక సాక్షి వాఙ్మూలముగ భావించుట మంచిది. సాక్షి సాధారణముగ నిజమే చెప్పును. కాని సాక్షి స్థితిగతులను విచారించుట న్యాయము. రక్తహీనత ఉన్నదా? ఇటీవల రక్తస్రావమో, రక్తమెక్కించుకొనుటయో జరిగినదా? కుటుంబములో హిమోగ్లోబిన్ భేదము ఉన్నదా? పరగడుపు గ్లూకోజు ఒక మాట, ఈ అంకె మరియొక మాట చెప్పుచున్నవా? ఈ నాలుగు ప్రశ్నలను వైద్యునితో ముచ్చటించుటకు రసాయనశాస్త్ర పట్టము అవసరము లేదు. ఒక చక్కెర అణువు ఎప్పుడో ఒక క్షణము ఉంగరము విప్పి, కొస చాపి, మన రక్తమును అంటుకొనుననియు, అంటిన తరువాత ఆ రక్తము నడక మారుననియు తెలిసియుండిన చాలును.